జబ్బు ఎవరి పేరున

డాక్టరు గది బయట బెంచీ మీద అమ్మ నా చెవి పక్కన జుట్టు సర్దింది. "లోపల నవ్వకు. నవ్వితే నీకేం బాధ లేదనుకుంటాడు," అంది.

ఆ పాఠం నేనే నేర్పాను ఆవిడకి. నాకంటే ముందు ఈ గడప తొక్కిన స్నేహితురాలు నాకు నేర్పింది. అబ్బాయిగా పెంచారు గానీ నేను ఆడపిల్లనని చెబితే చాలదట, బాధతో కుళ్లిపోతున్నానని కూడా చెప్పాలట. అప్పుడు డాక్టరు దానికొక మానసిక జబ్బు పేరు పెడతాడు. పేరుంటేనే ఒంటిని మార్చే మందు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ ఏడవందే డాక్టరు పెట్టడు.

నా భయం ఇంకొకటి. నేను టవర్ క్రేన్ నడుపుతాను. కంపెనీ ఏటా మాకు పరీక్షలు చేయించేదీ ఈ ఆసుపత్రిలోనే, ఇక్కడ రాసింది వాళ్లకీ చేరుతుంది. మానసిక జబ్బు పేరు పడినవాళ్లని క్రేన్ ఎక్కనివ్వరు. పేరు రాస్తే పని పోతుంది, రాయకపోతే మందు రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డాక్టరు మంచివాడే. అందుకే ఇంకా భయమేసింది. మంచివాడితో పోట్లాడటం కష్టం.

"ఇది జబ్బు కాదని ఇప్పుడు చాలామంది డాక్టర్లే అంటున్నారు. నేనూ ఒప్పుకుంటా. కానీ ఇక్కడింకా పాత పద్ధతే. పేరు రాయకుండా మందివ్వలేను," అన్నాడు. అమ్మ వైపు తిరిగాడు. "మీ అమ్మాయి బాధపడుతోందా?"

అమ్మాయి అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ అది అక్కడ పనికొచ్చే ఏడుపు కాదు.

అమ్మ పాఠమంతా మర్చిపోయింది. "ఇదెందుకు బాధపడుతుందండీ? పొద్దున్నే కూనిరాగాలు తీస్తూ పనికెళ్తుంది. బాధంతా నాది. దీన్నెవరన్నా కొడతారేమో, పనిలోంచి తీసేస్తారేమో అని నాకు కునుకు పట్టదు. ఆ జబ్బేదో నా పేరున రాయండి. మందు దీనికివ్వండి."

డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అలా కుదరదమ్మా." నా వైపు చూశాడు. "రాయనా, వద్దా? నువ్వే చెప్పు."

"రాయండి. నాకే జబ్బూ లేదని నేనన్నట్టు దాని కిందే రాయండి," అన్నాను.

రెండూ రాశాడు. కంపెనీవాళ్లు చదివింది జబ్బు పేరొకటే.

ఏటా జరిగే పరీక్షలు అయిన వారంలో, క్రేన్ మీద ఉండగా వాకీటాకీలో సూపర్‌వైజరు గొంతు వినిపించింది. "అక్కా, కిందికి రా. ఆఫీసులో నీ పరీక్షల సంగతి మాట్లాడాలంట. నువ్వింకేం ముట్టుకోకు, వేరేవాళ్లని పైకి పంపుతారంట."

కొక్కేనికి ఇనుప కమ్మీల మోపు వేలాడుతోంది. గాలి లేస్తోంది. బరువును గాల్లో వదిలి దిగకూడదన్నది మా పనిలో మొదటి పాఠం.

"వాళ్లెక్కేసరికి ఇది ఊగిపోతుంది. కింద మనవాళ్లున్నారు. దించే వస్తా," అన్నాను.

"సరే అక్కా, నువ్వే దించు," అన్నాడు.

మెల్లగా దించాను. మోపు చెక్క దిమ్మల మీద చప్పుడు లేకుండా కూర్చుంది. కింద పనివాడొకడు ఎప్పటిలాగే చెయ్యి ఊపాడు.

నిచ్చెన మీద కాలు పెట్టాకే, మళ్లీ ఈ క్రేన్ ఎక్కనివ్వరని గుర్తొచ్చింది. అమ్మకేం చెప్పాలో తెలియలేదు. నిచ్చెన కమ్మీని రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. డాక్టరు ఆ రోజు అడిగిన బాధ ఇప్పుడు నిజంగానే పట్టుకుంది.