రత్నకొండ సింహాసనమెక్కిన పొణికి కిరీటం

నేను ఒక కిరీటాన్ని. అప్పుడే దండాలు పెట్టకండి, నాలో బంగారం చిన్నమెత్తు కూడా లేదు. బొమ్మలు చేసే తేలిక పొణికి కర్ర, తగరపు రేకు, అద్దం బిళ్ళలు, చింతపిక్కల జిగురు. నా వంశ ప్రతిష్ఠ అంతే. నన్ను చేసినవాడు వీధి భాగోతాల అప్పన్న. ఒకరోజు ధర్మరాజు నన్ను పెట్టుకునేవాడు, మర్నాడు దుర్యోధనుడు. ఇద్దరి చెమటా ఒకటే వాసన. తర్వాత అప్పన్న కూతురు పైడితల్లి నెత్తికెక్కాను. పదహారేళ్ళ పిల్ల. రాణీ వేషం కట్టిందంటే ముందు వరసలో ఊరిపెద్ద కూడా లేచి నిలబడేవాడు.

ఆ మేళానికొక ఆచారముంది. నన్ను నెత్తిన పెట్టుకునే ముందు కళ్ళకద్దుకుని, సొంత పేరూ, కట్టబోయే వేషమూ గొంతెత్తి చెప్పాలి. లేకపోతే వేషం మనిషిని మింగేస్తుందని అప్పన్న నమ్మకం.

ఒకనాటి ఉదయం రత్నకొండ కోట నుంచి దాది సూరమ్మ రొప్పుతూ వచ్చింది. పట్టాభిషేకం ఆరోజే. రాకుమారి కువలయాదేవి కనబడటం లేదు, బంగారు కిరీటమూ లేదు. మధ్యాహ్నం లోపు ఆమె సింహాసనమెక్కకపోతే రాజ్యం బాబాయి రణభైరవుడిది. పైడితల్లిది అచ్చం రాకుమారి పోలిక.

"ఆవిడ దొరికేదాకా నువ్వు కూర్చోవాలి. పట్టుబడితే తల తీస్తారు తల్లీ" అంది సూరమ్మ, ఏమీ దాచకుండా.

"మరి రాకుమారి తల మాటేటి?" అని పైడితల్లి నన్ను చంకన పెట్టుకుని బయల్దేరింది.

సింహాసనం మెట్లకు అటూ ఇటూ రెండు రాతి సింహాలున్నాయి. ఆ మెట్ల మీద ఎవరు అబద్ధమాడినా గర్జిస్తాయి. అందుకే రత్నకొండ రాజులంతా మితభాషులు. "అక్కడ నోరు విప్పకమ్మా" అని సూరమ్మ వందసార్లు చెప్పింది.

సభలో పైడితల్లి చేతుల్లో నన్ను చూడగానే రణభైరవుడి ముఖం మాడిపోయింది. నేను నకిలీనని అతనికి తెలుసు, అసలుది దాచింది అతనే మరి. నన్ను పట్టిస్తే తన దొంగతనమూ బయటపడుతుంది. నాకు భలే నవ్వొచ్చింది.

పైడితల్లి మెట్లెక్కింది. రెండు చేతులా నన్నెత్తి కళ్ళకద్దుకుంది. నాకు పై ప్రాణం పైనే పోయింది. అలవాటు ఊరుకుంటుందా?

"నాను భాగోతాల అప్పన్న కూతురు పైడితల్లిని! ఈ పూట కువలయాదేవి వేసం కడతన్నాను!"

సూరమ్మ కూలబడింది. సింహాలు మాత్రం కిక్కురుమనలేదు. పిల్ల చెప్పింది నిజమే కదా! రణభైరవుడు సంతోషం పట్టలేక తనూ మెట్లెక్కేశాడు.

"పట్టుకోండి దీన్ని! కువలయ ఎక్కడుందో నాకేం తెలుసు? ఇక నేనే రాజుని!"

సింహాలు రెండూ ఒక్కసారిగా గర్జించాయి. అతని తలపాగా ఎగిరి పురోహితుడి ఒళ్ళో పడింది. సేనాపతి కత్తి దూసి, "రాకుమారి ఎక్కడ బాబూ?" అని అడిగాడు. మళ్ళీ నోరు తెరిచే ధైర్యం లేక రణభైరవుడు ఏనుగుల సాల వైపు వేలు చూపించాడు.

మధ్యాహ్నం గంట కొట్టబోతుండగా, జడ నిండా గడ్డిపరకలతో రాకుమారి వచ్చింది. బంగారు కిరీటమూ ఆ సాల గడ్డివాములోనే దొరికింది. నన్ను పక్కన పెట్టేశారు. నాకేం బాధ లేదు. పైడితల్లి తల మెడ మీదే ఉంది, అంతకంటే నాకేం కావాలి!

"నీకేం కావాలో కోరుకో" అంది కొత్త రాణి పైడితల్లితో.

"రేపు సాయంత్రం మా ఆటుందమ్మా. రాణీ వేసం తవరు కట్టాల. నానొక్కపాలి కింద కూకోని సూత్తాను."

రాణి మాట తప్పలేదు. మర్నాడు నన్ను పెట్టుకుని పందిట్లోకి వచ్చింది. పైడితల్లి ముసుగేసుకుని జనంలో కూర్చుంది. రాణి నాలుగడుగులు వేసిందో లేదో, ముందు వరస నుంచి ఒక ముసలాయన కేకేశాడు.

"ఏటే పైడితల్లీ, ఒంట్లో బాగోలేదేటి? రాణీ నడకే మర్సిపోనావు!"

ముసుగులో పైడితల్లి ఈల వేసింది. రాణి పడీపడీ నవ్వింది. నేను జారి ఆమె చెవి మీద వాలాను, అయినా ఆ నవ్వు ఆగలేదు.