లేని నొప్పికి వెడల్పు తెర

ఉమాశంకర్ మెడకు ఏ నొప్పీ లేదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. అది రాగిముద్ద తిని పెరిగిన మెడ. కాడి వేసి నాలుగెకరాలు దున్నినా కిర్రుమనేది కాదు. అలాంటి మెడ పట్టేసిందని అతను ఇంట్లో చెప్పింది ఒక కంప్యూటర్ తెర కోసం.

హోసూరులో ఒక ఫ్యాక్టరీకి యంత్రాల విడిభాగాల బొమ్మలు గీసే ఉద్యోగం అతనిది. కొన్ని రోజులు ఆఫీసులో, కొన్ని రోజులు ఇంట్లో. ఇంట్లో ల్యాప్‌టాప్, దాని పక్కన పాత మానిటరు. పని ముగిశాక ఆ మానిటరు మీద లారీ తోలే ఆట ఆడేవాడు. కిటికీ తెరిస్తే కృష్ణగిరి రోడ్డు మీద నిజం లారీలు చీమల బారులా పోతూ ఉంటాయి. వాటి హారన్లకు వంటింట్లో గిన్నెలు తాళం వేస్తాయి. అవి చాలవన్నట్టు అయ్యగారు కిటికీ మూసుకుని తెర మీద లారీ తోలేవాడు. అయితే పాత తెరలో ముందు అద్దం ఒక్కటే కనబడేది. బాగా వెడల్పుగా ఉండే అల్ట్రావైడ్ మానిటరు కొంటే రెండు పక్కల అద్దాలూ కనబడతాయని, వెనక వచ్చే బండి కూడా తెలుస్తుందని ఎవరో వీడియోలో చెప్పగా విన్నాడు. అప్పటినుంచి అతనికి పెరుగన్నంలో కూడా ఆ అద్దాలే కనిపించసాగాయి.

కానీ మీసంలో తెల్లవెంట్రుక తొంగిచూసే వయసులో లారీ ఆటకు తెర కావాలని పెళ్ళాంతో ఏ నోటితో అనడం? అందుకని మెడ పట్టుకున్నాడు.

"మెడ పట్టేసింది ధన్యా. ల్యాప్‌టాప్ ఒక పక్క, మానిటరు ఒక పక్క. తిప్పీ తిప్పీ చాలైపోయింది. వెడల్పు తెర ఒకటుంటే బొమ్మ ఈ పక్క, మెయిలు ఆ పక్క పెట్టుకోవచ్చు. డాక్టరు కూడా అదే చెప్పినాడు."

ఏ డాక్టరూ చెప్పలేదు. ధన్య మాత్రం నమ్మింది. వెల్లుల్లి వేసి నూనె కాచి తెచ్చి మెడకు రుద్దింది. అంతటితో ఆగి ఉంటే అది చిన్న అబద్ధంగానే మిగిలేది. కానీ ఆ మాట మంచం మీద కూర్చున్న అవ్వ చెవిన పడింది.

అవ్వ పేరు అంగాళమ్మ. ఉమాశంకర్ నాయనకు తల్లి. డెంకణికోట పక్క అడివంచు పల్లెలో పుట్టిన మనిషి. అమ్మానాయనలు కూలికి పోతే ఇతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడకు ఉన్నవి రెండే సరదాలు. ఒకటి ఆకువక్క, రెండోది కోతలు కోయడం. మొదటిది నోట్లో పడితేనే రెండోది బయటికి వచ్చేది. ఆ సాయంత్రం కూడా బుగ్గ నిండా ఆకు పెట్టుకుని, తన చిన్నతనంలో రాగిచేనికి కావలి పోయిన కథ చెబుతూ ఉంది.

"మంచె కింద ఏనుగు నిలబడింది. కొండ లేచి వచ్చినట్లుండాది. నేను తప్పెట కొట్టలా, కేక వేయలా. అది తొండం ఎత్తి నా ముందర చాపింది. చాపి ఏమడిగిందో తెలుసునా?"

అక్కడ ఆగింది కథ. మనవడి మెడ మాట విని అవ్వ లేచింది. ఆకు ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మారెమ్మ పటం ముందు నిలబడింది.

"అమ్మా, నా బిడ్డ మెడనొప్పి పోయేదాకా నేను ఆకు ముట్టను" అని మొక్కి, నడుముకు దోపుకునే ఆకుల సంచి తీసి గోడ మేకుకు తగిలించింది.

"అవ్వా! అంత పెద్ద నొప్పేమీ కాదులే" అన్నాడు ఉమాశంకర్.

"నోరు మూయి. నొప్పిని చిన్నదంటే అమ్మకు కోపమొస్తాది."

ఇక చూడండి అతని అవస్థ. నొప్పి పోయిందంటే తెర పోతుంది. నొప్పి ఉందంటే అవ్వ ఆకు పోతుంది. "కొంచెం తగ్గింది" అని మధ్యస్థంగా చెప్పి చూశాడు. "కొంచెం చాలదు. అంతా పోవాల" అంది అవ్వ, అమ్మవారితో బేరం కుదుర్చుకున్న దానిలా.

ఆకు లేని అవ్వ వేరే మనిషైపోయింది. ఊరికే దవడలు ఆడించేది, మేత లేని ఆవు నెమరు వేసినట్టు. పలకరిస్తే ఊ, ఊహూ. "అవ్వ ఊరికి పోయిందా, చప్పుడే లేదు" అని పక్కింటివాళ్ళు వచ్చి అడిగారు. ఏనుగు మాత్రం చాపిన తొండంతో ఆ ఇంటి నడిమధ్యలో అలాగే నిలబడి ఉంది. ఉమాశంకర్ కంచం ముందు కూర్చుంటే ఎదురుగా మేకుకు వేలాడే ఆకుల సంచి కనబడేది. మింగిన ముద్ద మెడ దగ్గరే ఆగేది. నొప్పి లేని ఆ మెడలో ఉన్న అడ్డం అదొక్కటే.

తొందరగా తెర కొనేసి, తొందరగా నొప్పి పోగొట్టుకుంటే అవ్వ ఆకు అవ్వకు వస్తుందని లెక్క వేసుకున్నాడు. తగిలించి చూపించి మరీ అమ్మే అంగడి కృష్ణగిరిలో ఉంది. ధన్యతో బయలుదేరుతుంటే అవ్వ కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకవ్వా, బస్సులో ఒళ్ళు హూనమైపోతాది."

"నీ మెడకు మందు కొంటా ఉంటే నేను చూడొద్దా?"

ముగ్గురూ బస్సెక్కారు. కృష్ణగిరి బస్టాండులో దిగగానే ఆకుల గంప ముందు కూర్చున్నామె, "రాండవ్వా, లేత ఆకు, ఇప్పుడే వచ్చింది" అని పిలిచింది. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా నడిచింది. ఉమాశంకర్ తల వంచుకుని వెనకే నడిచాడు.

అంగడి లక్ష్మణప్పది. ఉమాశంకర్ ఈడువాడే. మాట్లాడడం మొదలుపెడితే బ్రేకు లేని బండి. అవ్వకు కుర్చీ వేసి, తెరలన్నీ వెలిగించాడు.

"చూడన్నా, ఇది ముప్పై నాలుగు అంగుళాలు. కొంచెం వంపు. రోజూ పనికీ, ఆటకూ ఇది సరిపోతాది. అదుగో, అది నలభై తొమ్మిది. రెండు మానిటర్లు అతికించినట్లుంటాది. దానికి బల్ల లోతుగా ఉండాల. వెనక్కి జరిగి కూచోవాల. దగ్గరగా కూచుంటే ఈ చివర నుంచి ఆ చివరకు తల తిప్పీ తిప్పీ ఉన్న మెడ ఊడిపోతాది."

"నాకు ముప్పై నాలుగు చాలు" అన్నాడు ఉమాశంకర్.

"ఫోన్లో అడిగినావే, లారీ ఆటలో రెండు అద్దాలూ కనబడతాయా అని? చూడు, తగిలించినాను." లక్ష్మణప్ప మీట నొక్కాడు. తెర నిండా రోడ్డు పరుచుకుంది. ఎడమ అద్దం, కుడి అద్దం. ఇన్నాళ్ళూ కలలోకి వచ్చినవి ఎదురుగా తళతళలాడుతుంటే ఉమాశంకర్ నేల చూపులు చూశాడు.

ధన్య తెరను చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఏమప్పా, మీ డాక్టరు లారీ కూడా తోలతాడా?"

"మెల్లగా మాట్లాడు..."

"నూనె కాచి రుద్దినానే ఆ మెడకు! చేతికి ఇంకా వెల్లుల్లి కంపు పోలే. నా సంగతి పోనీ, ఆ ముసలామె నోరు చూడు."

చూశాడు. అవ్వ తెర మీద పోయే లారీని వేడుకగా చూస్తూ ఉంది. వేడుక పుట్టగానే చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది. సంచి కోసం తడిమింది. లేదని గుర్తొచ్చి, దొంగతనం చేస్తూ దొరికినట్టు ఆ చెయ్యిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మారెమ్మ చూసిందేమోనని భయపడి అటూ ఇటూ చూసింది.

ఉమాశంకర్ వల్ల కాలేదు. వచ్చి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, నాకు నొప్పి లేదు."

"ఆఁ?"

"మెడ బాగుండాది. ఎప్పుడూ నొయ్యలేదు. డాక్టరు ఏమీ చెప్పలేదు. ఈ లారీ ఆట కోసం అబద్ధం చెప్పినాను."

అవ్వ మనవడి మెడ వెనక చెయ్యి వేసి నొక్కింది.

"ఈడ?"

"లేదవ్వా."

"ఆడ?"

"లేదు."

"అట్ల తిప్పు. ఇట్ల తిప్పు."

తిప్పాడు. అవ్వ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. రెండు చేతులూ ఎత్తి, ఎటు తిరగాలో తెలియక పెద్ద తెర వైపే తిరిగి దండం పెట్టింది.

"చల్లని తల్లివమ్మా! ఇంత తొందరగా తీసేస్తావనుకోలా. నొప్పి వచ్చిందనే గురుతు కూడా లేకుండా తీసేసినావు కదా!"

"అది కాదవ్వా, నేను అబద్ధం..."

"ఊరుకోరా. రుద్దినప్పుడు అయ్యో అమ్మా అన్నది నేను వినలేదా? అమ్మ తీసేస్తే అట్లే ఉంటాది. మొదలు నుంచీ లేనట్లే ఉంటాది."

ఉమాశంకర్ సాయం కోసం ధన్య వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని, "నన్నెందుకు చూస్తావు? అమ్మ తీసేసింది కదా, పండగ చేసుకో" అంది.

"అయితే పోదాం పదండి. తెర వద్దులే" అన్నాడతను. ఆ క్షణంలో నిజంగానే వద్దనిపించింది.

అవ్వ కదల్లేదు. "ఎందుకొద్దు? దేవత పని దేవతది, డాక్టరు పని డాక్టరుది. మళ్ళీ నొప్పి రాకుండా ఉండొద్దా? ఓ లక్ష్మణప్పా, ఆ చివర ఉండాదే, కాడి మాను మాదిరి, అది కట్టు."

"అవ్వా, అది మా బల్లకు పట్టదు."

"చిన్నది కొంటే నొప్పి తిరిగి వస్తాది. అది కట్టప్పా!"

ఉమాశంకర్ దగ్గర ఉన్న ఒక్క నిజమూ అప్పుడే ఖర్చైపోయింది. బస్టాండులో అవ్వ గంప ముందు కూలబడి లేత ఆకులు ఏరుకుంటుంటే, అతను శవపెట్టె అంత అట్టపెట్టెను కౌగిలించుకుని నిలబడ్డాడు.

ఇంట్లో తెర నిలబెట్టేసరికి బల్ల చాలలేదు. అటు బీరువాకు, ఇటు గోడకు తగిలింది. వెనక్కి జరిగి కూర్చుందామంటే వెనక అవ్వ మంచం. దాన్ని తీసి ఎక్కడ వేసేది? అతను తెరకు ముక్కు తగిలేంత దగ్గరలో ఇరుక్కుని కూర్చున్నాడు. పొద్దున బొమ్మలు ఆ చివర, మెయిళ్ళు ఈ చివర. సాయంత్రం ఎడమ అద్దం ఆ చివర, కుడి అద్దం ఈ చివర. తెర ఎంచింది తానే కాబట్టి అవ్వ కూడా మంచం మీద నుంచే లారీ ప్రయాణం చేసేది. బుగ్గలో ఆకు చేరింది. ఏనుగు కదిలింది.

"తొండం చాపి ఏమడిగిందో తెలుసునా? ఆకు అడిగింది! నా నోరు చూసి ఆశపడింది. చేటంత ఆకుకు సున్నం పూసి పెట్టినాను. సున్నం ఎక్కువై నోరు మండి, అది పరిగెత్తిన దారే ఇప్పుడు డెంకణికోట రోడ్డు. ఇటు తిరగరా శంకరా, కథ చెబుతా ఉంటే!"

ఉమాశంకర్ తిరగబోయాడు. మెడలో ఎక్కడో ఎండు కట్టె విరిగినట్టు పటుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి నిజం నొప్పి, కాడి మానంత నొప్పి. నోటిదాకా వచ్చిన "అమ్మా"ను పళ్ళ మధ్యే కొరికి పట్టుకున్నాడు.

"ఏమిరా, మెడ గినా పట్టిందా?" అవ్వ నమలడం ఆపింది. మళ్ళీ మేకుకు తగిలించడానికన్నట్టు చెయ్యి నడుము దగ్గరి సంచి మీదికి పోయింది.

"లేదవ్వా. దివ్యంగా ఉండాది. నువ్వు నములు."

మెడ కదపకుండా, కుర్చీతో సహా మొత్తం మనిషి తిరిగాడు. గుమ్మంలో ధన్య, ఇది ముందే తెలిసినట్టు, నూనె గిన్నెతో నిలబడి ఉంది. ఆమె చూపుకు వేలు పెదవుల మీద పెట్టి బతిమాలాడు.

"మరి ఆ ఏనుగు?" అన్నాడు అవ్వతో.