నడుముతాడు

మధ్యాహ్నం దాటేసరికి ఆమె నాన్న నడుముకున్న తాడును సగం దాకా చెరిపింది. మిగతా సగం కంప్యూటరు తెరమీద అలాగే వేలాడుతోంది.

చెరపడమంటే రబ్బరుతో రుద్దడం కాదు. తాడు ఉన్నచోట గోడ ముక్కను తెచ్చి అతికించాలి. చొక్కా మీదికి వచ్చినచోట చొక్కా ముక్కను. గాలికి తాడు కదిలిందంటే తర్వాతి బొమ్మలో మళ్ళీ మొదటికే. సెకనుకు రెండు డజన్ల బొమ్మలు. కాలేజీ ఎడిటింగ్ గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క ఫ్యానూ మోత పెడుతోందని ఆపేశారు. ఆమె కళ్ళు మండిపోతున్నాయి.

"నీడ మర్చిపోయావు కత్తెరా," అన్నాడు వెనకనుంచి డైరెక్టరు. "గోడ మీద తాడు నీడ కనబడుతూనే ఉంది."

క్లాసులో ఎవరి సినిమాకైనా కూర్పు ఆమెదే కాబట్టి అందరూ ఆమెను కత్తెర అనే పిలుస్తారు. డైరెక్టరు ఆమె తోటి విద్యార్థే. మంచివాడే గానీ, రేపు సాయంత్రంలోగా సినిమాను పోటీకి పంపాలి. నిన్నటినుంచి అతనికి తిండి సహించడం లేదు.

సినిమా ఒక పెయింటరు గురించి. ఎత్తైన మేడ పైనుంచి రెండు మోకులతో ఒక పలక వేలాడదీస్తారు. పనివాళ్ళు దాన్ని ఉయ్యాల అంటారు. దానిమీద కూర్చుని గోడకు రంగు వెయ్యాలి. క్లాసులో నటిస్తానన్నవాడు ఒకడు కూర్చుని, కాళ్ళు నేలనుంచి జానెడు లేవగానే దించెయ్యమని కేకలు పెట్టాడు. "మా నాన్న రోజూ చేసే పని అదే," అంది కత్తెర. నడుముకు బెల్టు పెట్టి, దానికి వేరే తాడు కడితే తప్ప ఎవర్నీ ఎక్కించడానికి వీల్లేదని మాస్టారు ఖరాఖండిగా చెప్పారు. రెండూ అద్దెకు తెచ్చారు.

"గేదెను కట్టేసినట్టు కట్టేశారేంటి బాబూ నన్ను," అని నవ్వుతూ ఎక్కాడు నాన్న. షూటింగ్ అయ్యాక దిగి, బెల్టు విప్పకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంటికెళ్ళే దారిలో, "ఇవాళ చెయ్యి లాగట్లేదు తల్లీ. రెండు చేతులూ పనికే వాడాను కదా," అన్నాడు. మామూలు రోజుల్లో ఒక చెయ్యి మోకును పట్టుకునే ఉంటుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు.

ఇప్పుడు సినిమాలో ఆ తాడు కనబడకూడదు. నిజం పెయింటర్లకు నడుముతాడు ఎక్కడిది?

తాడుతోనే అయిపోలేదు. "మీ నాన్న పార్కులో బెంచీ మీద కూర్చున్నట్టు ఊపిరి తీస్తున్నాడు. నాకు కావలసింది భయం," అన్నాడు డైరెక్టరు. మైకు ముందు తనే వగర్చి చూశాడు. మేడమెట్లెక్కి వచ్చిన కూరగాయలమ్మే ఆమెలా ఉందని కత్తెర నవ్వాపుకోలేకపోయింది. అందుకే ఈ రోజు పొద్దున చిన్న రికార్డరు ఒకటి నాన్న జేబులో పెట్టి, మైకు కాలరుకు తగిలించి పనికి పంపింది. భోజనాల వేళ వెళ్ళి తెచ్చుకుంది. "ఏముంటుందే అందులో, నా ఈలలు తప్ప," అన్నాడు నాన్న డబ్బా కడుక్కుంటూ.

నీడ పని పక్కనపెట్టి ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

గాలి. బకెట్టు చేతిపిడి కిర్రుమనడం. బ్రష్షు గోడ మీద నడుస్తున్న చప్పుడు. ఈలలు లేవు. ఊపిరి ఉంది, పొట్టిగా, ముక్కలు ముక్కలుగా. ఉయ్యాలను కిందికి జరిపే ప్రతిసారీ అది పూర్తిగా ఆగిపోతోంది. ఆగినచోట చాలా సన్నగా మాటలు.

"ఏం కాదు... ఏం కాదు... కిందికి చూడకు... ఏం కాదు."

ఆ గొంతు ఎవరిదో ఆమెకు వెంటనే పోల్చుకోబుద్ధి కాలేదు. ఇంకాస్త ముందుకు వెళితే ఏదో సర్రున జారింది. ఏదో కింద పడింది. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలోంచి పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. ఎంతో దూరంనుంచి, కింద రంగు కలిపే బక్కోడి కేక: "ఏమైందన్నా?"

"ఏం లేదురా! బ్రష్షు జారింది!" నాన్న గొంతు. ఇంట్లో జోకులేసే గొంతు, హుషారుగా. వెంటనే మళ్ళీ పళ్ళ చప్పుడు.

డైరెక్టరు ఆమె చెవులమీంచి హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాడు. అతని ముఖం వెలిగిపోయింది. "ఇదీ! ఇదే! ఇంత బాగా ఎవడు నటిస్తాడు?"

"నటించలేదు."

"అదే నేననేది!" అన్నాక అతనికి ఆమె ముఖం కనబడింది. గొంతు తగ్గించాడు. "సారీ. కానీ దీన్ని వదులుకోలేం కత్తెరా."

"ఇంట్లో అడగాలి," అని ఆమె లేచింది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. అమ్మ వాకిట్లో చొక్కాలకు గుండీలు కుడుతోంది. నాన్న స్నానానికి వెళ్ళాడు. "ఏంటే ముఖం అలా ఉంది?" అంది అమ్మ. చెప్పడం చేతకాక, కత్తెర రికార్డరు ఆన్ చేసి హెడ్‌ఫోన్లు అమ్మ తలకు తగిలించింది.

అమ్మ చేతిలో సూది ఆగిపోయింది. చివరిదాకా కదలకుండా వింది. నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు.

"పైన చల్లగాలి వేస్తుందన్నావు," అంది అమ్మ.

"వేస్తుంది."

"కింద ఉక్కపోతలో చచ్చేవాళ్ళకంటే నా పనే హాయి అన్నావు. ఇన్నేళ్ళూ అదే చెప్పావు. ఇదేంటి మరి?"

నాన్న హెడ్‌ఫోన్లు తీసుకుని కొంచెం విన్నాడు, తీసేశాడు. "ఎవరెవరు విన్నారు?"

"డైరెక్టరు ఒక్కడే."

"బక్కోడు?"

"వినలేదు నాన్నా."

ఆయన మెల్లగా అరుగుమీద కూర్చున్నాడు. కత్తెర ఆయన పక్కనే కూర్చుంది. "నేనది సినిమాలో వెయ్యను. తాడూ చెరపను. ఉన్నది ఉన్నట్టు ఉండనీ."

"తాడు చెరపకపోతే, చూసినవాళ్ళందరూ మా మేస్త్రీ ఎంత ధర్మాత్ముడో అనుకుంటారు. చెరిపెయ్." తువ్వాలు మడుస్తూ మళ్ళీ అన్నాడు: "అదీ వేసుకో. నీ చదువుకు పనికొస్తుందంటే వేసుకో. నాదని మాత్రం చెప్పకు."

"రేపు ఎక్కకు," అంది అమ్మ.

ఆయన లేచి తువ్వాలు తీగమీద ఆరేశాడు.

పొద్దున్నే నాన్న వద్దంటున్నా కత్తెర ఆయనతో బయల్దేరింది. దారంతా ఆయన ఒక్క జోకూ వెయ్యలేదు. మేడ దగ్గర మేస్త్రీ కుర్చీ వేసుకుని ఫోను మాట్లాడుతున్నాడు. బక్కోడు రంగు కలుపుతున్నాడు. ఉయ్యాల గోడ వారగా వేలాడుతోంది.

నాన్న మేస్త్రీ ఫోను పెట్టేదాకా ఆగాడు.

"నడుముతాడు తెప్పించండి మేస్త్రీ. బెల్టూ తాడూ."

మేస్త్రీ నవ్వాడు. "సినిమాలో ఒక్కరోజు వేషం వేసేసరికి హీరోవయ్యావేంటి?"

"తెప్పించండి."

"నీకు తెస్తే రేపు వీడు అడుగుతాడు. కట్టుకుని విప్పుకునేసరికి పొద్దు గూకుతుంది, గోడ ఎప్పుడవుతుంది? ఓనరు నా డొక్క చీలుస్తాడు." మేస్త్రీ నవ్వు సగంలో ఆగింది. "ఇన్నేళ్ళూ ఎలా ఎక్కావయ్యా మరి?"

కత్తెరకు నాన్న పక్కవాటుగా కనబడుతున్నాడు. ఆయన ఉయ్యాల పలకకేసి ఒకసారి చూశాడు.

"భయపడుతూ ఎక్కాను," అన్నాడు నాన్న. మేస్త్రీకి మాత్రమే వినబడేట్టు కాదు, అందరికీ వినబడేట్టు. "రోజూ భయపడుతూనే ఎక్కాను. తాడు లేకుండా ఇక ఎక్కను."

రంగు కలుపుతున్న కర్ర ఆగింది. బక్కోడు తలెత్తి చూశాడు.

"అయితే పక్కకు జరుగు. కూలీ పోగొట్టుకుని ఇంట్లో కూర్చో. ఎక్కేవాడే లేడా నాకు?" మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. "ఒరే బక్కోడా! బకెట్టు తీసుకుని నువ్వెక్కు."

బక్కోడు బకెట్టు అందుకున్నాడు. ఉయ్యాల దాకా నడిచాడు. పలకమీద చెయ్యి వేసి, పైనున్న కొసదాకా గోడను చూశాడు. నాన్న అతన్ని ఆపలేదు. బక్కోడు బకెట్టు కింద పెట్టాడు.

"ఉండండి మేస్త్రీ, కాసిన్ని నీళ్ళు తాగొస్తాను."

మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, దోసిలి పట్టి తాగాడు. ముఖం కడుక్కున్నాడు. మోచేతులు కడుక్కున్నాడు. మేస్త్రీ కేకేశాడు. కత్తెర జేబులో ఫోను మోగుతోంది, డైరెక్టరై ఉంటాడు, ఆమె తియ్యలేదు. బక్కోడు కుళాయి కట్టేశాడు. అటు తిరిగే కాసేపు నిలబడి, మళ్ళీ తిప్పి, ఈసారి కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టాడు.