రాసేందుకు అనుమతి లేదు

పాతపట్నంలో సీతారామారావుకు ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉంది. బేరాలు ఆయన చూసుకుంటే, వచ్చినవాళ్ళ కష్టసుఖాలు ఆయన భార్య మహాలక్ష్మమ్మ వినేది. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళు తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగించే కబుర్లు ఆమెకు ప్రాణం. బిందె కొనడానికొచ్చి, మొగుడి మీద చెప్పుకుని ఏడ్చి, డబ్బిచ్చి కొన్న బిందె ఇక్కడే మరిచిపోయి వెళ్ళినామె గురించి ఒకసారి రాసింది. దాన్ని చదివి ఎక్కడెక్కడి వాళ్ళో ఉత్తరాల్లాంటి వ్యాఖ్యలు పెట్టారు. ఆమె బ్లాగు పేరు ‘కొట్టు గడప’. గరివిడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే తమ్ముడు రాంబాబు దాన్ని తయారుచేసి ఇచ్చాడు.

జబ్బు కూడా ఆ బ్లాగు దగ్గరే బయటపడింది. పొద్దున మార్చిన పాస్‌వర్డు మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. మొదట్లో నవ్వుకున్నారు. ఒకరోజు కొట్టులోంచి ఇంట్లోకి వెళ్ళే తలుపు ఎటుందని ఆమె అడిగాక నవ్వడం మానేశారు. విశాఖపట్నంలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది మతిమరుపు జబ్బేననీ, కొందరికి యాభైల్లోనే వస్తుందనీ చెప్పాడు. మందులు దాన్ని నెమ్మదిపరుస్తాయి తప్ప ఆపలేవన్నాడు.

ఆమె రాయడం మానేసింది. బేరాలు లేని మధ్యాహ్నాల్లో సీతారామారావు వెనక గదిలో కంప్యూటర్ పెట్టి, ఆమె పాత రాతలు ఆమె చేతే చదివించేవాడు. కొన్ని రోజులు నవ్వేది. కొన్ని రోజులు ఊరికే తెర వంక చూసేది.

ఒకరోజు ఆయన ఎవరికో పాత ఇత్తడి తూకం వేస్తుండగా ఆమె ఒక్కతే కంప్యూటర్ ముందు కూర్చుంది. మర్నాటి నుంచి బ్లాగు తెరుచుకోలేదు. ఆ ఆదివారం రాంబాబు వచ్చాడు. చాలాసేపు తంటాలు పడి తల అడ్డంగా ఊపాడు.

“సైటు తన అడ్రసు తనే మరిచిపోనాది బావా. లోపలికెళ్ళడానికి దారి లేదు. డేటాబేసులోకి దిగి మార్చాల.”

“అదేటి?”

“రాతలు, సెట్టింగులు అన్నీ దాసుకునే చోటు. అన్నీ పట్టికలే.”

బ్లాగును ఇంటర్నెట్‌లో ఉంచినందుకు సీతారామారావు పేరున ఏటా డబ్బు కట్టే హోస్టింగు ఖాతాలోంచి రాంబాబు ఆ పట్టికలు తెరిచాడు. సెట్టింగుల పట్టికలో సైటు చిరునామా ఉండాల్సిన గడిలో తెలుగు అక్షరాలు కనబడ్డాయి. అరసవల్లి, గుడి వెనక వీధి, జగన్నాధంగారి మేడ.

రాంబాబు చేయి మౌసు మీదే ఆగిపోయింది.

“మా ఇల్లు బావా. సిన్నప్పుడు అద్దెకున్న ఇల్లు. సెట్టింగుల్లో ‘సైటు చిరునామా’ అని తెలుగులో ఉంటాది. అక్క తన చిరునామా అడుగుతన్నారనుకున్నాది.”

“ఆ మేడ ఇప్పుడున్నాదా?”

“కొట్టేసి లాడ్జి కట్టేసినారు.”

ఆ గడిలో సైటు అసలు అడ్రసు తిరిగి పెట్టగానే బ్లాగు తెరుచుకుంది. కానీ రాంబాబు లేవలేదు. ఇంకో పట్టిక తెరిచి, అక్క పేరుకు ఎదురుగా ఉన్న హోదా మార్చేద్దామన్నాడు. అప్పుడు ఆమె చదవగలదు గానీ, దేన్నీ మార్చడానికి వీలుండదు.

“దాని బ్లాగురా అది. దాన్నే రాయొద్దంటావేటి?”

“అక్క రాసి ఎన్నాళ్ళైపోనాది బావా? రేపు తెలీక అన్నీ సెరిపేస్తే ఎవలు తెస్తారు, సెప్పు?”

సీతారామారావు పక్కగది వైపు చూశాడు. మహాలక్ష్మమ్మ ఉతికిన తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ ఉంది. “సరే, మార్చీ,” అన్నాడు. మార్చాల్సిన పదం ఎక్కడుందో, రాంబాబు దాన్ని ఎలా మార్చాడో పక్కన నిలబడి చూశాడు.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె తల దువ్వుకుని, శుభ్రమైన చీర కట్టుకుని కొట్టులోకి వచ్చింది. పాత రోజుల్లోలా తేటగా ఉన్న ఆ కళ్ళు చూసి ఆయన తక్కెడ కింద పెట్టేశాడు.

“ఏవండీ, గంగులు పెళ్ళాం సొట్ట బిందె అట్టుకొచ్చినాది కదా. కొత్తది వద్దు, మా అత్తది, ఇదే బాగుసెయ్యండన్నాది. దాని మీద రాస్తాను. మొదటి వాక్యం వచ్చేసినాది.”

గంగులు భార్య వచ్చి వారమైంది. అయినా ఈమెకు గుర్తుంది. ఆయన పరుగున వెళ్ళి కంప్యూటర్ పెట్టాడు. ఆమె కుర్చీలో సర్దుకుని, కొత్త టపా రాసే పేజీ తెరవబోయింది. క్షమించండి, మీకు అనుమతి లేదు అని వచ్చింది.

“నాకు అనుమతి లేదంట,” అంది ఆమె భర్త వంక తిరిగి. “నేనేటి తప్పు సేసినాను?”

“ఏటీ లేదు, మాలక్ష్మీ. ఒక్క నిమిషం. ఇలా లెగు.”

రాంబాబుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ. ఇక తనే హోస్టింగు ఖాతా తెరిచి, వెతికి వెతికి ఆ పట్టిక పట్టుకున్నాడు. చదవడానికి మాత్రమే అన్న అర్థంలో ఉన్న సబ్‌స్క్రైబర్ అనే ఇంగ్లీషు మాట చెరిపి, ముందు ఆమెకున్న హోదా అడ్మినిస్ట్రేటర్ అని ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. బ్లాగు మళ్ళీ వద్దంది. చెరిపి, మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వద్దంది. మహాలక్ష్మమ్మ కాసేపు వెనకాల నిలబడి చూసి, పక్కగదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు రాంబాబు ఫోన్ వచ్చింది.

“క్లాసులో ఉన్నాను బావా. ఏటైనాది?” విన్నాక అన్నాడు, “మాట మారిస్తే సాలదు. దాని ముందు పది అని అంకె ఉన్నాది సూడు. ఆ మాటలో ఎన్ని ఇంగ్లీషు అక్షరాలో ఆ లెక్క. పదమూడు సెయ్యి.”

మార్చాడు. తెల్లటి ఖాళీ పేజీ తెరుచుకుంది.

ఆమెను చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆమె మినుకుమినుకుమంటున్న గీత వంక చూసింది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. తీసేసింది.

“ఏటి రాయమంటారు?”

“సొట్ట బిందె. గంగులు పెళ్ళాం. నువ్వే అన్నావు కదా.”

“గంగులెవలండీ?”

ఆయన చాలాసేపు పక్కనే కూర్చున్నాడు. బయట వాన పెరిగింది. కొట్టుకెవరో వచ్చి పిలిచి వెళ్ళిపోయారు.

అలాంటి మధ్యాహ్నం మళ్ళీ వస్తుందేమోనని ఆ హోదా అలాగే ఉంచాడు. దీపావళి దాటింది, శివరాత్రి దాటింది, రాలేదు. ఈలోగా ఆమె రెండు పాత రాతలు చెరిపేసింది. ఆయన ఎవరికీ చెప్పకుండా తనే పట్టిక తెరిచి, ఆమెను మళ్ళీ పాఠకురాలిగా మార్చేశాడు.

తర్వాత రాంబాబు వచ్చినప్పుడు సీతారామారావు ఆ సంగతి చెప్పాడు. చెప్పి, కొట్టు తలుపు దగ్గర నిలబడి అన్నాడు.

“ఆ రోజు దానికో కాయితం, పెన్ను ఇచ్చినా సరిపోయేది రా. ఆ కంగారులో తట్టనే లేదు. పోనీ, ఆ మొదటి వాక్యం ఏటని నోటితో అడిగినా సరిపోయేది. అదీ అడగలేదు.”

లోపల్నుంచి మహాలక్ష్మమ్మ తమ్ముడి వైపే చూస్తూ, ఎవరో వచ్చినట్టున్నారు, కూర్చోమనండి అని కేకేసింది.