యాభై పోస్టర్లు, ఒక ఫ్లెక్సీ

“పేరు ఇంకింత పెద్దగ రాయి. దూరం కెల్లి చూస్తె గూడ కనబడాలె,” అన్నాడు జగపతి, సోఫాలోంచి లేవకుండా.

అప్పటికి కల్పన ముప్పై రెండో పోస్టరు మీద ఉంది. హాల్లో నేల మీద చార్టులు పరుచుకుని, వాటి మధ్య కూర్చుని, ఎర్ర మార్కరుతో ‘సుమ’ అని రాస్తోంది. రెండే అక్షరాలు. ఆడబిడ్డకు ఇంత చిన్న పేరు పెట్టినందుకు అత్తగారి మీద తొలిసారి కృతజ్ఞత కలిగింది. వంటింట్లో కుక్కరు రెండు కూతలు వేసింది. మూడో కూతకు లేవాలి. లేచి వచ్చేలోగా జగపతి కాళ్లు చాపితే ముప్పై ఒకటోదాని మీద మడమ ముద్ర పడుతుంది. ఇందాక పన్నెండోదాని మీద పడింది. “ఏం గాదు, డిజైన్ అనుకుంటరు,” అన్నాడు.

సంగతేమిటంటే, జగపతి చెల్లెలు సుమ హైదరాబాదులో ఓ పెద్ద యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. అక్కడి విద్యార్థి సంఘం ఎన్నికల్లో జనరల్ సెక్రటరీ పదవికి నిలబడింది. ఆ ఎన్నికల్లో అచ్చు వేసిన పోస్టర్లు పనికిరావు, చేత్తో రాసినవే అంటించాలి. తొర్రూరులోని ఆ ఇంట్లో చేత్తో చేయాల్సిన పని ఏదొచ్చినా అది ఎవరి చేతికి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. “మా ఆమె రాత ముత్యాలసొంటిది. యాభై పంపుతం తీ,” అని జగపతి ఫోన్లో మాటిచ్చేశాడు. మాట ఆయనది, రాత ఈమెది. కల్పన పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలోనూ ఇదే వరస. గోడల మీద చార్టులన్నీ ఆమెవే. “మేడం, మీ చేతిలో కళ ఉంది,” అంటాడు హెడ్మాస్టరు. జీతం సంగతి ఎత్తితే, కళకు వెల కట్టడం తప్పంటాడు.

కల్పనకు కుళ్లుగా ఉంది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, తన దగ్గర మాత్రం దాచుకోలేదు. పక్కింటివాళ్లు పెద్ద ఫ్రిజ్ కొంటే కలిగే రకం కాదిది. దానికి నాలుగు రోజుల్లో అలవాటు పడతాం, అయిదో రోజున వాళ్ల ఐసుముక్కలే అడిగి తెచ్చుకుంటాం. ఇది పళ్ల సందున ఇరుక్కున్న పీచు లాంటిది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. ‘సుమ’ అని రాసిన ప్రతిసారీ పోతోంది. ఇప్పటికి ముప్పై రెండుసార్లు పోయింది.

పద్నాలుగేళ్ల కిందట అదే యూనివర్సిటీలో, అదే ఎం.ఏ.లో కల్పనకు సీటొచ్చింది. నర్మెట్ట నుంచి జనగామకు రోజూ బస్సులో నిలబడి పోయి డిగ్రీ చదివిన పిల్ల. సీటొచ్చిన వారానికే జగపతి వాళ్లు పెళ్లిచూపులకు వచ్చారు. పెళ్లయ్యాక చదువుకుంటానని ఆమె తండ్రి చేత అడిగించింది. జగపతి చాయ్ కప్పు కింద పెట్టి, “ఆడికి పోయి ఏం జేస్తది మామా? ఎలక్షన్లల్ల నిలవడ్తదా ఏంది?” అన్నాడు. గదిలోని మగవాళ్లంతా నవ్వారు. ఆమె నాయినా నవ్వాడు, పిల్లనిచ్చేవాడు కాబట్టి అందరికన్నా కాస్త ఎక్కువసేపు నవ్వాడు. కాబోయే అత్త చిలుకమ్మ మాత్రం నవ్వలేదు. “సదివిన కాడికి సాలు. రాతకోతలతోని ఇల్లు నడుస్తదా,” అంది. చదువు అక్కడితో ముగిసింది. చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

ఇప్పుడు అదే జగపతి వాట్సాప్ స్టేటస్‌లో ‘నా చెల్లె, నా గర్వం’ అని పెట్టాడు. తను పనిచేసే మండల ఆఫీసులో మిఠాయి పంచాడు, ఓట్లు పడకముందే. కల్పన కాపురానికి వచ్చేనాటికి సుమకు తొమ్మిదేళ్లు. ఆ పిల్లకు రెండు జడలు వేసింది, ఎక్కాలు చెప్పింది, ఆ యూనివర్సిటీ ఒకటి ఉందని మొదట చెప్పిందీ తనే. దారి చెప్పినవాళ్లు, ఆ దారిన పోయినవాళ్ల మీద కుళ్లుకోవడం న్యాయం కాదు. న్యాయం కాదని కల్పనకు తెలుసు. ఆకలేస్తున్నప్పుడు ఉపవాసం మంచిదని కూడా తెలుసు.

ఎన్నికల నియమాల పీడీఎఫ్‌ను సుమ కుటుంబం గ్రూపులో పెట్టింది. ఇరవై రెండు మంది దానికి దండం బొమ్మ పెట్టారు. చదివింది కల్పన ఒక్కతే. అచ్చు వేసిన బ్యానరు గానీ ఫ్లెక్సీ గానీ ఎక్కడ కనిపించినా, బయటివాళ్లు వచ్చి ప్రచారం చేసినా నామినేషన్ రద్దు అని అందులో స్పష్టంగా ఉంది.

కుక్కరు మూడో కూత వేసినప్పుడే జగపతి ఫోన్ మోగింది. భూపాలపల్లి నుంచి పెద్దన్న పరశురాములు. బొగ్గుబాయిలో పని. కార్మిక సంఘం ఎన్నికల్లో నాలుగుసార్లు నిలబడి మూడుసార్లు ఓడినవాడు కాబట్టి, ఎన్నికల విషయంలో ఆ ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. స్పీకర్‌లో ఆయన గొంతు హాలంతా నిండింది.

“తమ్మీ, అట్టముక్కల మీద రాసుకుంట గూసుంటె గెలుస్తమార? ఇరవై ఫీట్ల ఫ్లెక్సీ కొట్టిచ్చిన. రేపు పొద్దుగాల బొలెరోల ఏస్కొస్త, నువ్వు జనగామల ఎక్కు. గేటు ముంగట కట్టినమంటె అవుతలోళ్లకు దిమ్మ తిరగాలె.”

“గట్లుండాలె అన్నా!” అన్నాడు జగపతి. ఫ్లెక్సీ ఫొటో వచ్చింది. కల్పన ముందు పెట్టాడు.

మధ్యలో సుమ. ఆమె చుట్టూ పదకొండు మంది మగవాళ్లు. పైన ఎడమ పక్క పోయిన మామగారు, కుడి పక్క వేలు పైకెత్తి పరశురాములు, కూలింగ్ గ్లాసుల్లో జగపతి, పరశురాములు కొడుకులిద్దరూ, బొలెరో డ్రైవరు. అమ్మమ్మ ఇంటికి పోయిన కల్పన కూతురు లేదు. సుమను కన్న చిలుకమ్మ లేదు. పోస్టర్లు రాసిన చేయి ఎలాగూ లేదు. మొత్తం మీద చూస్తే పదకొండు మంది కలిసి ఒక ఆడపిల్లను పోలీస్ స్టేషన్లో అప్పగిస్తున్నట్టుంది.

చెప్పాలి, అనుకుంది కల్పన. ఇది కట్టారో, పిల్ల నామినేషన్ పోతుందని చెప్పాలి. నోరు తెరిచింది కూడా.

“ఎట్లున్నది?” అన్నాడు జగపతి.

“మంచిగున్నది,” అంది.

లేచి వంటింట్లోకి పోయింది. ఆ పూట పప్పులో ఉప్పు కరెక్టుగా పడింది, చారు పొంగలేదు. చెడు పని చేస్తే మనసు బరువెక్కుతుందని బడిలో పిల్లలకు చెబుతుంటుంది, నిజానికి చాలా తేలిగ్గా ఉంది. మిగిలిన పద్దెనిమిది పోస్టర్లూ గుండ్రటి అక్షరాలతో ఓపిగ్గా పూర్తి చేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే జగపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. పోస్టర్ల కట్ట గుమ్మం దగ్గర పెట్టి ఉంది. దాన్ని దాటి చెప్పులు వేసుకున్నాడు.

“గివి?” అంది కల్పన.

“ఫ్లెక్సీ ఉండంగ ఇంక గివెందుకే? బొలెరోల జాగ గూడ ఉండదు,” అని పోయాడు.

హాలు మూలన చిలుకమ్మ చింతపండులోంచి గింజలు తీస్తోంది. కోడలి ముఖం చూసి, మరో గింజ తీసింది. 

తొమ్మిదిన్నరకు సుమ ఫోన్ చేసింది. “వదినె, పనిలున్నవా? ఎల్లుండే స్పీచు. జర ఇని చెప్పు.” గొంతు సవరించుకుని చదివింది. “మా వదినెకు ఇదే యూనివర్సిటీల సీటొచ్చింది. కుటుంబం కోసం ఆమె ఆ సీటును త్యాగం చేసింది. ఆ త్యాగమే ఇయ్యాల నన్ను ఈ మైకు ముందర నిలబెట్టింది...” అక్కడ ఆగి, “ఎట్లుంది వదినె? హాస్టల్ల సదివితె ఇద్దరు ఏడ్చిన్రు,” అంది.

కల్పనకు పళ్ల సందున పీచు మళ్లీ తగిలింది. వచ్చిన సీటు ఎలాగూ పోయింది. పోయిన సీటన్నా తనదని ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు దాని పేరు చెప్పి కూడా సుమే ఓట్లడుగుతోంది.

“నేనేం త్యాగం జెయ్యలే,” అంది.

“అంటే?”

“త్యాగమంటే ఇచ్చుడు. నేనియ్యలే. గుంజుకున్నరు.” పెళ్లిచూపుల నాటి మాట, చాయ్ కప్పుతో సహా, ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఎలక్షన్లల్ల నిలవడ్తదా అన్నడా? మా అన్ననా? స్టేటస్ పెట్టిన అన్ననా?”

“ఆయన్నే.”

“మరి ఈ ముక్క తీసెయ్యాల్నా వదినె?” సుమ గొంతు చిన్నదైపోయింది, ఎక్కం మరిచిపోయినప్పుడు చిన్నప్పుడు అయినట్టు.

కల్పన ఆలోచించింది. సుమ ఓడిపోతే బాగుండునని ఆమెకు నిజంగానే ఉంది. నూరు ఓట్లతో కాకపోయినా, ఓ పది ఓట్లతో. కానీ ఈ ఫ్లెక్సీ గేటుకు కడితే సుమ ఓడిపోదు, అసలు పోటీలోనే ఉండదు. పరశురాములు వల్ల ఉండదు. తన సీటు ఒక మగవాడి నవ్వుతో పోయింది, ఈ పిల్లది ఒక మగవాడి సరదాతో పోతుంది. ఈ ఇంట్లో ఆడవాళ్లు ఓడిపోవాలన్నా మగవాళ్ల చేతి మీదుగానే జరగాలా? కుళ్లుకోవడానికైనా ఎదురుగా ఓ మనిషి నిలబడి ఉండాలి కదా.

“స్పీచు సంగతి తర్వాత. మీ అన్నలిద్దరు ఇరవై ఫీట్ల ఫ్లెక్సీ పట్టుకొని వస్తున్నరు. గేటు కాడ కడ్తరట,” అంది. “నిన్ననే తెల్సు నాకు. చెప్పలే.”

“వామ్మో! ఉండు వదినె, లైన్ల ఉండు.”

సుమ కంగారులో కాన్ఫరెన్స్ కలిపేసింది. బొలెరో చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు మీదుగా జగపతి, “చెల్లే! జనగామ దాటినం! గంటన్నరల నీ ముంగటుంటం!” అన్నాడు.

“బండి తిప్పున్రి అన్నా.”

“ఏంది?”

“ఫ్లెక్సీ కనబడితె నా నామినేషన్ పోతది. రూల్సు గ్రూపుల పెట్టిన గదా, దండాలు వెట్టిన్రు గదా అందరు?”

“అరె, గా రూల్సు గీల్సు పెద్దన్న చూస్కుంటడే...”

“నువ్వు రాకు. నాకొద్దు. గేటు కాడికొస్తె నేనే సెక్యూరిటీని పిలుస్త.”

బొలెరో చప్పుడు తగ్గింది. వెనక నుంచి పరశురాములు, “ఇరవై ఫీట్లురా...” అన్నాడు, ఎవరో పోయినట్టు.

కల్పన ఫోను చెవికి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నువ్వు రాకు. నాకొద్దు. మూడు మాటలు. ఒక్కటీ కష్టమైనది కాదు, రెండో తరగతి పిల్లలు చూడకుండా రాస్తారు. పద్నాలుగేళ్లలో ఆ మూడూ ఆమె నోట్లో వరసగా నిలబడలేదు. యాభైసార్లు పేరు రాస్తూ తనకు సీటు మీద కుళ్లనుకుంది, పదవి మీదనుకుంది, చప్పట్ల మీదనుకుంది. అవేవీ కాదు. ఇదిగో, ఇది. ఈ పిల్ల ఆ మాట అని, మామూలుగానే ఊపిరి తీసుకుంటోంది.

“పోయిన్రు వదినె,” అంది సుమ. “స్పీచుల... అన్న పేరు వెట్టి చెప్తె బాగుంటదా?”

“బాగుంటదో లేదో తెల్వది. ఓట్లు మాత్రం పడ్తయి.”

సుమ నవ్వింది. “పోస్టర్లు ఎట్ల మరి?”

“మీ అన్న బస్సు పార్సిల్ల ఏస్తడు. ఆయనకు గూడ చేతులున్నయి.”

మధ్యాహ్నం రెండింటికి జగపతి తిరిగొచ్చాడు. ఇస్త్రీ నలిగింది, భుజం మీద చుట్టిన ఫ్లెక్సీ, అది గుమ్మంలో పట్టక అడ్డం తిరిగింది. దాన్ని బయటే పడేసి లోపలికి వచ్చాడు.

“ఎవరు చెప్పిన్రు దానికి? నువ్వేనా?”

“నేనే.”

“మరి నిన్న నాకెందుకు చెప్పలే?”

“చెప్పబుద్ధి గాలే.”

“సమజైంది. కుళ్లు. నా చెల్లె మీద కండ్లల్ల నిప్పులు వోసుకుంటున్నవ్.”

ఈ ఇంట్లో ఇలాంటి మాటకు ఒక జవాబు ఖాయంగా ఉండేది. కాదని ఒట్టు, రెండు కన్నీటి చుక్కలు, తర్వాత చాయ్. జగపతి దానికోసమే ఎదురు చూస్తూ ఫ్యాన్ వేసుకున్నాడు.

“అవు,” అంది కల్పన. “కుళ్లే.”

జగపతి గబుక్కున తల్లి వైపు తిరిగాడు. “ఇన్నవా అవ్వా? నీ కోడలు ఏమన్నదో ఇన్నవా?”

“ఇన్న,” అంది చిలుకమ్మ, గింజ తీసి పక్కన వేస్తూ. “దానికి సుమ మీద కుళ్లు. నాకు దాని మీద.”

“ఏందే అవ్వా?”

“నేను బడి మొఖమే సూడలే. దానికి సీటొచ్చి పోయింది. పోయేటందుకన్న ఒకటుండె దానికి. సదివిన కాడికి సాలు అని ఆ దినం గందుకే అన్న. ఇల్లు నడవదని గాదు.”

కల్పన అత్త వైపు చూసింది. కోపం వచ్చింది, బాగానే వచ్చింది. క్షమించాలని ఏమాత్రం అనిపించలేదు. కానీ పద్నాలుగేళ్లలో ఈ ఇంట్లో తనకు అర్థమయ్యేలా ఎవరన్నా మాట్లాడటం ఇదే మొదలు.

“మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది అత్తమ్మా?”

“నువ్వు జెప్పినవా?”

కల్పన చింతపండు బుట్టకు అటుపక్కన కూర్చుని, సగం తన ముందుకు లాక్కుంది. జగపతి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, “ఆకలైతుంది. అన్నం పెట్టున్రి,” అన్నాడు, ఎవరితోనన్నది తేల్చకుండా.

చిలుకమ్మ కదల్లేదు. కల్పన మోకాళ్ల మీద చేతులు ఆనించింది, లేవడానికి. పద్నాలుగేళ్ల అలవాటు. మళ్లీ తీసేసింది.

“వంటింట్ల ఉన్నది,” అంది. “మాకిద్దరికి గూడ పెట్టుకరా.”