స్టోరు గదికి అలారం

పడక గదులు నాలుగని పొగ అలారాలు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ట్రూడీ, మూడేనని ఆ ఇంట్లో అద్దెకున్న రస్సెల్. పొద్దున్నే హాల్లో ఇద్దరికీ పేచీ మొదలైంది.

"చివరిది స్టోరు గది. పాత సామాను పడేశాను. దానికెందుకమ్మాయ్ అలారం? విరిగిన కుర్చీలు నిద్రలేచి పరిగెత్తుతాయా?" అన్నాడు రస్సెల్, ఆ గది తలుపుకి అడ్డంగా నిలబడి.

"మీ కుర్చీల సంగతి నాకు తెలీదు. ఇల్లు కట్టినప్పుడు అది పడక గది. రేపు మీరు ఖాళీ చేస్తే వచ్చేవాళ్లు అందులో పిల్లల్ని పడుకోబెడతారు. ప్రతి పడక గదిలోనూ ఒకటి పెట్టకపోతే నేను సర్టిఫికెట్ మీద సంతకం పెట్టను."

"తాళంచెవి పోయింది."

"వెతకండి. ఈలోగా మిగతావి బిగిస్తాను."

ఆస్ట్రేలియాలో మకాయ్ ఊరి చివర, చెరకు తోటల పక్కనున్న అద్దె ఇల్లు అది. అద్దె ఇళ్లలో ప్రతి పడక గదికీ పొగ అలారం ఉండాలని రూలు వచ్చాక ట్రూడీకి తీరిక లేకుండా పోయింది. ఇంటి ఓనరుతో ముందే ఒక యుద్ధం అయింది. అతనికి బ్యాటరీవి చవకలో కావాలి. "సాసేజిలు మాడినప్పుడల్లా అద్దెకున్నవాళ్లు బ్యాటరీ పీకి సొరుగులో పడేస్తారు. ఇల్లు అంటుకున్న రోజున కూడా అది సొరుగులోనే ఉంటుంది. ఇంటి కరెంటుకి కలిపినవే పెడదాం. అన్నిటికీ మధ్య వైరు ఉంటుంది, ఒకటి కూస్తే ఇల్లంతా కూస్తుంది" అని ఫోన్లోనే దులిపేసింది. ఓనరు నోరు మూసుకుని డబ్బు కట్టాడు. ట్రూడీతో వాదించి గెలిచినవాళ్లు తక్కువ. తలుపుకి ఆనుకుని నిలబడి కాదు, కూడదు అనే మగవాళ్లంటే ఆమెకి మరీ మంట.

రస్సెల్ టీవీ పెట్టాడు. ఫుట్‌బాల్ ఆట. గోడలు అదిరేంత చప్పుడు. ట్రూడీ బయటికి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేసి, ఎవరూ మళ్లీ వేయకుండా దానికి తన తాళం బిగించింది. టీవీ చచ్చిపోయింది. మరుక్షణం రస్సెల్ వాకిట్లో ఉన్నాడు.

"ఏయ్! ఎవరు ఆపమన్నారు?"

"తీగలు ఒట్టి చేత్తో పట్టుకోవాలి కదా. మీ ఆట కోసం నేను కాలిపోవాలా?"

అతని ముఖం ఎర్రబడింది. ఒక ఆట పోయినందుకు మనిషి ఇంత మండిపడతాడా అని ఆమెకి వింతగానే అనిపించింది. కానీ మగవాళ్లూ, ఫుట్‌బాలూ అనుకుని వదిలేసింది.

హాల్లో నిచ్చెన వేసి, సీలింగుకీ పైకప్పు రేకులకీ మధ్యనున్న అటకలోకి కంతలోంచి ఎక్కింది. ఫోను కింద సంచీలోనే ఉంచింది. ఆ రేకుల కింద వేడికి ఫోన్లు ఆగిపోతాయి. అటకలో దూలాల మీద మాత్రమే కదలాలి. దూలానికీ దూలానికీ మధ్య ఉన్నది సీలింగు పలక, వేలెడు మందం కూడా ఉండదు. ఈ పనిలో చేరిన ప్రతివాళ్లూ ఒకసారైనా కాలు జారి, కింద ఇంటివాళ్ల భోజనాల బల్ల మీదికి బూటు దించుతారు. ఆ తిట్లు తిన్నాక మళ్లీ జన్మలో దూలం వదలరు.

మూడు గదులకీ తీగ లాగాక, చివరి గది మీదికి కూడా పాకింది ట్రూడీ. తీగ పైనుంచి దింపి ఉంచితే తాళంచెవి దొరికాక బిగించడం చిటికెలో పని. అక్కడికి చేరేసరికి కింద నుంచి చప్పుడు వినిపించింది. తట్టడం. ఆగి, మళ్లీ తట్టడం. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి స్పష్టంగా వినిపించింది.

వేడి ఆపే దూది పొర పక్కకి లాగి, పలకకి బ్యాటరీ డ్రిల్లుతో గుండ్రటి కంత పెట్టి, కన్ను ఆనించి చూసింది.

కింద నుంచి ఒక కన్ను ఆమెని చూస్తోంది. రెండో కన్ను వాచి మూసుకుపోయింది.

"వెళ్లిపోకండి," అంది కింద మనిషి, గొంతు బాగా తగ్గించి. "నా పేరు లితియా. వాడి పెళ్లాన్ని. ఎవరైనా వస్తే నన్ను ఇందులో పెట్టి తాళం వేస్తాడు. అక్కా, మీకు దణ్ణం పెడతాను, వెళ్లిపోకండి."

ట్రూడీ గబగబా లెక్క వేసుకుంది. కిందికి దిగాలి, ఏమీ ఎరగనట్టు నవ్వాలి, వ్యాను దాకా నడవాలి, పోలీసులకి ఫోను చేయాలి. "వస్తాను. పోలీసుల్ని తీసుకుని వస్తాను," అంది కంతలోకి.

"ఎక్కడికి వస్తావు తల్లీ?"

రస్సెల్ తల అటక కంతలోంచి పైకి లేచింది. తర్వాత భుజాలు. చేతిలో ట్రూడీ సుత్తే ఉంది. కిందికి దారి ఆ కంత ఒక్కటే.

"వద్దని చెప్పానా లేదా? మూడు గదులని మర్యాదగా చెప్పానా లేదా?"

"నాకేం తెలీదు. తీగ వేసి పోతాను."

"తెలీనిదానివి నా పెళ్లాంతో ముచ్చట్లేంటే?"

చేతులూ మోకాళ్ల మీద పంది పరిగెత్తినట్టు వచ్చాడు. ట్రూడీ వెనక్కి జరిగింది. వీపుకి రేకు తగిలి చురుక్కుమంది. మొదటి దెబ్బ దూలానికి తగిలింది. రెండోది ఆమె ముంజేతికి తగిలింది. లోపల ఎముక పటుక్కుమన్న చప్పుడు నొప్పికంటే ముందు తెలిసింది. రెండో చేత్తో డ్రిల్లు తిప్పి అతని చెంప మీదికి పొడిచింది. చర్మం చీరుకుపోయింది. అతను అరిచి, ఆమె జుట్టు పట్టుకుని తల దూలానికేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కళ్ల ముందు నల్లబడింది. ఇక్కడే చంపేస్తాడు, ఈ దూది కిందే కప్పెడతాడు, అనుకుంది ట్రూడీ.

అప్పుడు ఇన్నేళ్లుగా ఎప్పుడూ చేయని పని చేసింది. కావాలనే దూలం వదిలి, రెండు కాళ్లూ ఎత్తి పలక మీద దబ్బున గుద్దింది.

సీలింగు విరిగింది. జుట్టు అతని గుప్పిట్లో మిగిలిపోయింది. ట్రూడీ దుమ్ముతో సహా చివరి గది నేల మీద పడింది.

ఒక పరుపు, ఒక బకెట్టు, ప్లైవుడ్ కొట్టేసిన కిటికీ, దాని సందుల్లోంచి కాస్త వెలుతురు. సామాను లేదు, కుర్చీలు లేవు. లితియా ఆమెని పట్టి లేపింది. బక్క మనిషి, పెదవి పగిలి ఉంది.

"తలుపు!" అంది ట్రూడీ.

"లోపలి నుంచి కూడా తాళంచెవి కావాలక్కా. అది వాడి నడుముకే ఉంటుంది."

పైన రస్సెల్ బూతులు తిడుతూ నడుము వంచి లేచాడు. నిచ్చెన దిగి, తలుపు తాళం తీసి లోపలికి వస్తే ఇద్దరి పనీ అయిపోయేది. కానీ కోపం అంత ఆలోచన చేయనివ్వలేదు. ఆమె పడిన కంత వైపే అడుగు వేశాడు, గచ్చు మీద నడిచినట్టు, దూలం చూసుకోకుండా.

పలక ఫెళ్లుమంది. కాళ్లూ, నడుమూ కిందికి దిగాయి. ఛాతీ రెండు దూలాల మధ్య ఇరుక్కుంది. సుత్తి జారి నేల మీద పడింది. సీలింగు నుంచి బూట్లూ, నిక్కరూ వేలాడుతూ గాలిలో తన్నుకుంటున్నాయి; పై సగం అటకలో పొలికేకలు పెడుతోంది. బెల్టుకి తాళాల గుత్తి ఊగుతోంది.

"పైకి లాక్కుంటున్నాడు! పట్టుకో!" అని ట్రూడీ విరిగిన చేతిని పొట్టకి అదుముకుని, రెండో చేత్తో ఒక కాలిని కౌగిలించుకుని, తన బరువంతా వేసి వేలాడింది. ప్రతి కుదుపుకీ ప్రాణం పోయినంత పనైంది. అయినా వదల్లేదు.

లితియా గుత్తి కోసం చేయి చాపింది. రెండో బూటు ఆమె దవడకి తగిలింది. వెనక్కి పడి, రక్తంతో పాటు ఒక పన్ను ఉమ్మేసి, మళ్లీ లేచింది. మళ్లీ తన్నాడు, పక్కటెముకల మీద. ఆ బూట్లు ఎక్కడెక్కడ తగులుతాయో ఆమెకి కొత్త కాదు. మూడోసారి లేచినప్పుడు సుత్తి తీసుకుంది.

"నా కాళ్లు! ఏయ్ లితియా, ఏం చేస్తున్నావే! బంగారం, వద్దే!"

మోకాలి మీద కొట్టింది. చిప్ప పగిలిన చప్పుడు ట్రూడీ చెంపకి తాకింది. ఆ కాలు తన్నడం మానేసింది. లితియా గుత్తి బెల్టుతో సహా పీకింది. తాళంచెవి చేతికొచ్చాక ఇంకో దెబ్బ కొట్టింది. ఆ దెబ్బని తప్పుపట్టేవాళ్లు ఆ బకెట్టు పక్కన ఒక్క పూట కూర్చుని రావాలి.

"చాలు. రా చెల్లీ, పోదాం," అంది ట్రూడీ.

తలుపు తెరుచుకుంది. సంచీలోంచి ఫోను తీసుకుని ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వీధిలోకి వచ్చి, వ్యాను పక్కన గడ్డిలో కూలబడ్డారు. ట్రూడీ పోలీసులకి చెప్పింది. మనిషి సీలింగులో ఇరుక్కున్నాడంటే నమ్మడానికి వాళ్లకి కాసేపు పట్టింది. ఫైరింజన్ను కూడా పంపుతామన్నారు.

లోపల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. లితియా చేతుల్లో సుత్తి అలాగే ఉంది.

"ముందు ఎప్పుడూ ఎవరూ రాలేదా ఈ ఇంటికి?" అని అడిగింది ట్రూడీ. "హాల్లో ఉన్న పాత అలారం ఏటా పరీక్ష చేయాలి కదా?"

"వచ్చేవాళ్లు. టీవీ మోతలో నాకు మాటలు వినపడేవి కావు. కానీ ఆ అలారం బొత్తాం నొక్కి కూయించగానే తెలిసేది, ఇంట్లో ఎవరో బయటి మనిషి ఉన్నాడని. అదొక్కటే నాకు గుర్తు. అది కూసినంతసేపూ తలుపు బాదేదాన్ని. అరిచేదాన్ని. పిడికిళ్లు పగిలేలా బాదేదాన్ని." పెదవి తుడుచుకుంది లితియా. "అది నా తలుపు పైనే ఉండేదక్కా. ఆ కూతలో నా అరుపు నాకే వినపడేది కాదు."

ఎన్ని ఇళ్లలో, ఎన్నిసార్లు ఆ బొత్తాం నొక్కి, చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడిందో ట్రూడీకి లెక్క లేదు. ఏడుపు ఆగలేదు. మంచి చేత్తో లితియాని దగ్గరికి లాక్కుంది. ఫైరింజన్ సందు తిరిగి గట్టిగా కూస్తూ వస్తుంటే, లితియా సుత్తి వదిలేసి, గడ్డిలోని మట్టిని రెండు పిడికిళ్లతో బాదడం మొదలుపెట్టింది.