సోఫా మీది నాన్న

"కాళ్ళున్న మనిషిని సోఫాకి అతికించేస్తే ఎలాగే? లేపి నిలబెట్టు," అని మూడో రోజూ అదే పాట పాడాడు ఆయన, సోఫా మీంచి లేవకుండానే.

"లేపడం నాకు చేతనైతే పదేళ్ళ కిందటే లేపేదాన్ని," అంది భార్య సూదిలో దారం ఎక్కిస్తూ.

ఏడేళ్ళ కూతురు గీసిన ఇంటిల్లిపాది బొమ్మలను గుడ్డముక్కల మీదకు దించి, గొలుసుకుట్టుతో కుట్టి, ఆ పిల్ల మంచానికి బొంత చేస్తోందామె.

"నా నోరు మరీ చెవుల దాకా ఉంది. కాస్త కుదించమ్మా. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని అత్తగారు వీధి చివరి దాకా వినబడేలా అడిగింది.

పోరు పడలేక కోడలు బొంత మీద అందరినీ సరిదిద్దింది. ఆయన లేచి నిలబడ్డాడు. అత్తగారి నోరు శనగగింజంత అయింది. పాప గీసిన బొమ్మలో తల్లి కుట్టుమిషను వైపు తిరిగి కూర్చుంది, వీపు తప్ప ఏమీ కనిపించదు. పనిలో పనిగా తనకూ ఒక నవ్వుముఖం పెట్టుకుంది.

పాప బొంత విప్పి చాలాసేపు చూసింది.

"వీళ్ళెవరమ్మా?"

"మనమేనే."

"వీళ్ళని నేను గీయలేదు," అని బొంత మడతపెట్టి ఇచ్చేసింది. రంగుపెన్సిళ్ళ డబ్బా కూడా ఆ మడత మీదే పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నమంతా తల్లి కుట్లు విప్పుతూ కూర్చుంది. రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక నెమ్మదిగా చెప్పింది.

"మిమ్మల్ని మళ్ళీ సోఫా మీదే కుట్టేశాను. అత్తయ్యగారి నోరూ ఎప్పటిలాగే ఉంది. నా ముఖం కూడా విప్పేశాను. ఇక ఆ బొంతని ఎవరూ దిద్దరు."